మిషను ఆగితే కాకి వస్తుంది

గూడు పెట్టుకోవడానికి ఆ పిట్టకి లోకంలో ఇంకెక్కడా చోటు దొరకలేదు. పెరట్లో జామచెట్టుంది, నిమ్మచెట్టుంది, గోడవారగా గుబురుగా పెరిగిన గోరింట ఉంది. అవన్నీ వదిలేసి, నా కుట్టుమిషను పక్కనున్న కిటికీకి అల్లుకున్న సన్నజాజి తీగలో, నేను కూర్చుంటే మోచేతికి తగిలేంత దగ్గరగా వచ్చి కాపురం పెట్టింది. తల మీద చిన్న జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. పిగిలిపిట్ట. ఆడదీ మగదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, ఎండుపుల్లలు మోసేది ఎవరో, తీగ చివర కూర్చుని పెత్తనం చేసేది ఎవరో కాసేపు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

"సాయంత్రానికల్లా పీకి పారేస్తాను. గుడ్డల మీద రెట్టలు వేస్తే ఎవరు ఉతుకుతారు?" అన్నాను.

"ఉండనివ్వండి అత్తయ్యా. నాకు చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది" అంది కోడలు మంచం మీంచి.

మంచం పట్టాక ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. ఏం తింటావంటే మీ ఇష్టం అనేది. కిటికీ తీయనా అంటే మీ ఇష్టం అనేది. అలాంటిది ఒక్క మాట అడిగితే కాదని ఎలా అంటాను? సరే ఏడువు అన్నాను పిట్టని.

కోడలికి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ అయిదో నెల దాటాకే, నొప్పీ గిప్పీ లేకుండా, చెప్పాపెట్టకుండా పోయింది. ఈసారి డాక్టరమ్మ ముందే జాగ్రత్తపడింది. గర్భసంచి మూతి వదులుగా ఉంది, అందుకే బరువు ఆపలేకపోతోంది అని చెప్పి మూతికి కుట్టు వేసింది. "కుట్టు వేశాం కదా అని తిరగొద్దు. బాత్రూముకి తప్ప కాలు కింద పెట్టొద్దు. మిషను జోలికి అసలే పోవద్దు" అని కోడలికి కాదు, నాకు చెప్పింది వేలు చూపిస్తూ. నాకు వేరే చెప్పాలా? ఆయన పోయినప్పటి నుంచీ ఈ మిషను మీదే ఇల్లు నడిపిన దాన్ని. కుట్టు ఎంత గట్టిగా వేసినా, గుడ్డని పట్టి లాగితే కుట్టు తెగదు, కుట్టు పక్కన గుడ్డ చిరుగుతుంది. ఆ భయం డాక్టరమ్మ కంటే నాకే ఎక్కువ.

అందుకే కోడలి మంచం తెచ్చి నా మిషను గదిలోనే వేయించాను. కంటి ముందు ఉంటే ఆ కాలు కింద పెట్టకుండా చూసుకోవచ్చు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. మొదటిసారి చిన్న గౌన్లు కుట్టాను, రెండోసారి దుప్పటీ కూడా కుట్టాను. ఈసారి చిన్న గుడ్డ మీద కత్తెర పెట్టనే లేదు. మావాడు ఒకరోజు పిల్లకి పేరేం పెడదాం అని మొదలుపెడితే, ఆలూ లేదు చూలూ లేదు అంటూ సామెత అందుకోబోయి నాలిక్కరుచుకున్నాను. చూలు ఉంది. అదే కదా ఇప్పుడు మా ఇంట్లో ఉన్నదంతా.

గూడు తయారైంది. నా మిషను కింద పడ్డ నీలం దారప్పోగులు, బడి యూనిఫారాల తాలూకువి, ఒక్కొక్కటే ముక్కున కరుచుకుపోయి గూట్లో అల్లింది ఆ పిట్ట. "చూశారా అత్తయ్యా, మీ దారం. కూలి కూడా ఇవ్వకుండా" అని కోడలు నవ్వింది. నాలుగు గుడ్లు పెట్టింది. లేత గులాబీ రంగు, పైన ఎవరో కాఫీపొడి చల్లినట్టు చుక్కలు. స్టూలెక్కి చూసి నేను చెబుతుంటే కోడలు కళ్ళు మూసుకుని వింది.

బొంతకాకి మర్నాడే వచ్చింది.

నేను అన్నం తినడానికి వంటింట్లోకి వెళ్ళాను. నాలుగు ముద్దలు తిన్నానో లేదో, కోడలు అరిచిన అరుపుకి కంచం వదిలేసి పరిగెత్తాను. తీగ ఊగుతోంది. పిగిలిపిట్టలు రెండూ గొంతు చించుకుంటున్నాయి. కాకి మాత్రం బట్టలారేసే దండెం కర్ర మీద తీరిగ్గా కూర్చుని గుడ్డు పగలగొట్టుకు తాగుతోంది. కోడలు మంచం మీద సగం లేచి, ఒక కాలు కిందికి జారవిడిచి ఉంది.

"ముందు పడుకో. గుడ్డు పోతే పోయింది, నువ్వు పడుకో" అని కేకలేశాను.

పడుకుంది గానీ ఏడుపు ఆపలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు, రాత్రీ ముట్టలేదు. మర్నాడు కొద్దిగా ఎరుపు కనపడిందని మెల్లిగా చెప్పింది. వెంటనే డాక్టరమ్మకి కబురు పెట్టాను. డాక్టరమ్మ వచ్చి చూసి, ప్రస్తుతానికి ఏం కాలేదు, కానీ మనసు ఇలా పెట్టుకుంటే నా కుట్టు ఏం చేయగలదు అని వెళ్ళిపోయింది.

ఆ పూటే అన్నాను ఆ మాట. అన్నం కలిపి నోటి దగ్గర పెడితే తల తిప్పుకుంటోంది. నాకు విసుగూ వచ్చింది, జాలీ వచ్చింది. అన్నం తినని పసిదానికి చందమామని చూపించినట్టు కిటికీ వైపు చూపించాను.

"చూడు తల్లీ. ఆ మిగిలిన మూడూ పిల్లలై ఎగిరిపోయిన రోజుకి నీ గండం కూడా గడిచిపోతుంది. రాసిపెట్టుకో. నా నోటి మాట పొల్లుపోదని వీధి వీధంతా చెబుతుంది, కావాలంటే అడుగు."

కోడలు నా వైపు తిరిగింది. "నిజంగానా అత్తయ్యా?" అంది.

"నిజంగానే."

నోరు తెరిచి ముద్ద తీసుకుంది. కంచం ఖాళీ చేసింది. ఇంత చిన్న కిటుకు నాకు నిన్ననే ఎందుకు తట్టలేదా అని నన్ను నేను మెచ్చుకుంటూ చేయి కడుక్కున్నాను.

ఆ తర్వాత కాకి సంగతి నాకే అర్థమైంది. నేను మిషను తొక్కుతున్నంతసేపూ అది దండెం కర్ర దాటి రాదు. పాతకాలపు కాలిమిషను కదా, తొక్కితే కిటికీ ఊచలతో సహా గదంతా అదురుతుంది. మిషను ఆగిన మరుక్షణం రెక్కలు దులుపుకుంటుంది. పిగిలిపిట్టకి ఆ చప్పుడు అలవాటే. దాని వరకూ అది జోలపాట. చోటు దొరక్క మా కిటికీకి వచ్చిందనుకున్నాను గానీ, అది అన్నీ చూసుకునే వచ్చింది. నన్ను జీతం బత్తెం లేని కాపలాదారుని చేసింది.

ఉపాయాలు నేనూ వెతక్కపోలేదు. రేడియో పెట్టాను. కాకి మొదటి రోజు బెదిరింది, రెండో రోజు రేడియో వింటూ కూర్చుంది. మావాడి పాత చొక్కాకి గడ్డి కుక్కి నిలబెట్టాను. దాని తల మీదే వాలింది. మావాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, చేతిలో పనుంది. కిటికీ బయట ఇనుపజాలీ బిగించాడు. కాకి రాలేదు సరే, పిగిలిపిట్టలూ రాలేదు. గుడ్లు చల్లారిపోతున్నాయని కోడలు వణికిపోతే, బిగించిన చేత్తోనే విప్పేశాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? పిట్టల గొడవ పిట్టలు చూసుకుంటాయి" అన్నాడు నాతో, వంటింట్లో, కోడలికి వినపడకుండా.

"నీ పెళ్ళాం అన్నం తింటోంది. అది చాలు నాకు" అన్నాను.

ఇక నేను తొక్కుతూనే ఉన్నాను. తెల్లారీ తెల్లారకముందే మిషను ఎక్కడం, చీకటి పడి కాకి గూటికి చేరాకే దిగడం. యూనిఫారాలు అయిపోయాయి. ఎదురింటి పంతులమ్మ బడిలోంచి ఇంకో కట్ట తెచ్చి పడేసింది, అవీ అయిపోయాయి. గుడ్డ లేకుండా ఉత్తినే తొక్కితే, సూది కింద గుడ్డని ముందుకు జరిపే మిషను పళ్ళు అరుగుతాయి. అందుకని పాత దుప్పటి ముక్క పెట్టి, దారం లేని సూదితో ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి కుట్టాను. పగలంతా కుట్టి ఒక్క కుట్టూ మిగలని పని అది. కాళ్ళు వాచిపోయాయి. "అత్తయ్యా, మీరు కాసేపు పడుకోండి, నేను చూస్తుంటాను" అనేది కోడలు. చూస్తే కాకి పోతుందా? నేను పెరట్లోకి వెళ్ళొచ్చేలోపు మంచం మీంచే చప్పట్లు కొట్టేది. నాలుగు రోజులకి కాకి చప్పట్లకీ అలవాటుపడింది.

దాని చూపే నాకు నచ్చేది కాదు. గూట్లోవి తినడానికి వచ్చిన కాకి గూటి వైపు చూడాలి కదా. అది గూటి వైపు చూడదు. మెడ పక్కకి వంచి, ఊచల మధ్య నుంచి లోపలికి, మంచం వైపు చూస్తుంది. రాయి విసిరితే ఎగిరి, రాయి పడ్డ చోటుకే వచ్చి కూర్చుంటుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు, దానికీ ఎక్కడో నోళ్ళు తెరుచుకున్న పిల్లలుంటాయి, కాదనను. కానీ మా ఇంట్లోకి అలా చూడ్డం ఏమిటి? కిటికీకి తెర కట్టేద్దామనుకున్నాను. తెర కడితే కోడలికి గూడు కనపడదు. అదీ కుదరలేదు.

మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. పుట్టినప్పుడు వాటిని చూస్తే దిష్టి తగలడం అటుంచి, వాంతి వస్తుంది. బొచ్చు లేదు, కళ్ళు లేవు, ఉన్నదంతా నోరే. కోడలు మాత్రం మురిసిపోయింది. "మనవి కళ్ళు తెరిచాయి అత్తయ్యా." "మనవాటికి రెక్కల మీద ఈకలొస్తున్నాయి." మనవి, మనవాటికి. పొట్ట మీద చేయి పెట్టుకుని ఆ పిల్లలతో ఏదో మాట్లాడేది. ఏ పిల్లలతో మాట్లాడుతోందో నాకు తెలిసేది కాదు. పొట్టలోది కదులుతోందని చెప్పినప్పుడు కూడా కిటికీ వైపే చూస్తూ చెప్పింది.

నాకు భయం పట్టుకుంది. నోటికొచ్చిన మాట ఒకటి అనేశాను, అది ఆ పిల్ల గుండెల్లో మేకులా దిగింది. ఆ కాకి ఏదో ఒక పూట నా కన్నుగప్పి మూడింటినీ తన్నుకుపోతే అప్పుడేమిటి గతి? ఒకరోజు జడ వేస్తూ, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టాను.

"ఆ గూటి సంగతి ఏదో మాటవరసకి అన్నానే. పిట్టలు పిట్టలే, మనుషులు మనుషులే. వాటికేదైనా అయినా నీకేం కాదు."

కోడలు గిరుక్కున తల తిప్పింది. జడ నా చేతిలోంచి జారిపోయింది.

"వాటికేదైనా అవడమేంటి? అశుభం మాట్లాడకండి అత్తయ్యా. మీ మాట పొల్లుపోదని మీరే అన్నారు."

పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఇంకొక్క మాటంటే మళ్ళీ ఎరుపు కనపడుతుందేమోనని మాట మార్చేశాను. "ఏం కాదు, ఏం కాదు. వాటికీ ఏం కాదు, నీకూ ఏం కాదు" అన్నాను. అన్నకొద్దీ ముడి ఇంకా బిగిసింది. నా చేతులారా వేసిన ముడి, నా గోళ్ళకే రావడం లేదు.

పిల్లలు గూటి అంచు మీదికి ఎక్కిన రోజది. రెక్కలు టపటప కొట్టుకుంటున్నాయి, పడబోయి నిలదొక్కుకుంటున్నాయి. పెద్దపిట్టలు తిండి ముక్కున పట్టుకుని గూటికి రాకుండా, నిమ్మకొమ్మ మీద కూర్చుని పిలుస్తున్నాయి. రండి, వస్తే పెడతాం అన్నట్టు. ఇవాళో రేపో ఎగిరిపోతాయని నాకే తెలిసిపోయింది. ఆ సంగతి బొంతకాకికీ తెలిసింది. ఆ పూట ఒక్కటి కాదు, దండెం కర్ర మీద ఒకటి, ప్రహరీ మీద ఒకటి, రెండు వచ్చాయి.

నేను అన్నం కూడా మిషను మీదే తిన్నాను. మధ్యాహ్నం మందు వేద్దామని డబ్బా తీస్తే ఖాళీ. డాక్టరమ్మ ఒక్క పూట కూడా తప్పకూడదన్న మాత్రలవి. రాత్రి తెస్తానని మావాడు మర్చిపోయాడు, పొద్దున పంపిస్తానన్నాడు, పంపలేదు. ఫోను చేస్తే, ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల మనుషులున్నారట, వాళ్ళని దించేదాకా కదలలేనన్నాడు. పంతులమ్మ బడి నుంచి ఇంకా రాలేదు. వీధిలో పంపించడానికి ఇంకో మనిషి లేడు.

మిషను తొక్కుతూనే ఆలోచించాను. కోడలే అంది, చాలా నెమ్మదిగా.

"వెళ్ళి రండి అత్తయ్యా. మందు ముఖ్యం కదా."

"మరి..." అని కిటికీ వైపు చూశాను.

"దగ్గరే కదా కొట్టు. మీరు వచ్చేస్తారుగా."

అప్పుడు చెప్పాలి నేను. కాకి వస్తే రానీ, మూడూ పోతే పోనీ, నువ్వు మాత్రం మంచం దిగకు అని. నాలిక చివరిదాకా వచ్చింది. ఆ పాలిపోయిన పెదాలు గుర్తొచ్చి మింగేశాను. "కాకి రాదులే. నేను గబుక్కున వచ్చేస్తాను. నువ్వు మంచం దిగకు" అన్నాను.

"దిగను" అంది.

"ఒట్టు?"

"ఎక్కడికి పోతాను అత్తయ్యా" అని నవ్వింది. ఒట్టు మాత్రం పెట్టలేదు. అది నేను వీధి మలుపు తిరిగాక గానీ గమనించలేదు. అయినా ముందుకే నడిచాను. మందు కావాలి మరి.

మందుల కొట్లో కరెంటు లేదు. కొట్టువాడు సెల్‌ఫోను లైటు వేసుకుని ఒక్కొక్క అరా వెతికి, అయిపోయాయమ్మా, మార్కెట్టు దగ్గర అడగండి అన్నాడు. ఆ మాట ముందే చెప్పి చావొచ్చు కదా. వాచిన కాళ్ళతో మార్కెట్టు దాకా పోయాను. అక్కడ దొరికాయి. వచ్చేటప్పుడు దాదాపు పరుగే. ఆకాశంలో ఎక్కడ కాకి కనిపించినా మా పెరటి వైపే పోతున్నట్టుంది.

వీధి మలుపు తిరిగేసరికి వినిపించింది. కరెంటు లేక వీధంతా నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాన్లు లేవు, టీవీలు లేవు. ఆ నిశ్శబ్దంలో మా ఇంట్లోంచి మిషను చప్పుడు, ఆగకుండా, ఒకే తాళంలో.

హమ్మయ్య, మిషను నడుస్తోంది, ఇక కాకి రాదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఇన్నాళ్ళ అలవాటు కదా, ఆ చప్పుడు వింటే నా ప్రాణం కుదుటపడుతుంది. కొంగుతో మొహం తుడుచుకుని, పరుగు తగ్గించి, తాపీగా పంతులమ్మ గేటు దాకా నడిచాను. పంతులమ్మ అప్పుడే కారు దిగి గేటు తీస్తోంది. "ఇప్పుడే వచ్చావా?" అని పలకరించాను కూడా.

ఆమె మా ఇంటి వైపు చూసి, నా వైపు చూసి, "మిషను మీద ఎవరున్నారు పిన్నీ?" అంది.

ఆ మిషను తొక్కేది నేను. నేను ఇక్కడున్నాను. ఇంట్లో ఉన్నది ఒక్కతే.

"కారు లోపల పెట్టకమ్మా, అలాగే ఉంచు" అని పరిగెత్తాను.

కోడలు నా స్టూలు మీద కూర్చుని ఉంది. వీపు నిటారుగా, రెండు పాదాలూ మెట్టు మీద ఆనించి తొక్కుతోంది. సూది కింద పాత దుప్పటి ముక్క కూడా పెట్టుకుంది, పళ్ళు అరగకుండా, నేను చేసినట్టే. మొహమంతా చెమట. ఆ చెమటలో ఎన్నడూ చూడని సంతోషం.

"రెండు ఎగిరిపోయాయి అత్తయ్యా" అంది తల తిప్పకుండా. "మీరు వెళ్ళగానే కాకి ఊచల మీదే వాలింది. చప్పట్లు కొట్టినా పోలేదు. మిషను ఎక్కగానే పోయింది. ఒకటి జామచెట్టు దాకా పోయింది, ఇంకోటి గోరింటలోకి. ఇదొక్కటే భయపడుతోంది."

"లే" అన్నాను.

"లేస్తే ఆగిపోతుంది."

"లేవమంటున్నానా?"

"ఒక్కటే మిగిలింది అత్తయ్యా. కాకి అదిగో, అక్కడే ఉంది."

స్టూలు దగ్గరికి వెళ్ళాను. మిషను మెట్టు కింద నేల తడిగా ఉంది. నీళ్ళచెంబు ఏమైనా ఒలికిందేమో అని చూశాను, దేవుడా ఒలికి ఉండనీ అని చూశాను. చెంబు మంచం పక్కన మూత పెట్టి ఉంది. తడి స్టూలు అంచు మీంచి, నైటీ అంచు మీంచి, పాదాల మీదికి కారుతోంది. లేత ఎరుపు. కోడలు ఆ పాదాలతోనే తొక్కుతోంది.

"ఉమ్మనీరు పోయింది అత్తయ్యా" అంది నేను చూడటం చూసి, వంటింట్లో పాలు పొంగాయని చెప్పినంత మామూలుగా. "ఇందాకే. అయినా భయం లేదు కదా? ఇది కూడా ఎగిరిపోతే..."

నాకు ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. నా చెంప నేను పగలగొట్టుకోవాలనిపించింది. రెండిట్లో ఏదీ చేయలేదు. భుజాలు పట్టుకుని లేపబోతే, రెండు చేతులతో మిషను బల్లని పట్టుకుంది. ఆ వేళ్ళు విడదీయడం నా వల్ల కాలేదు. బలవంతంగా లాగితే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు?

"మీరు తొక్కండి. మీరు తొక్కితే నేను పడుకుంటాను" అంది.

ఆమె పక్కనే, అదే స్టూలు మీద సగం కూర్చుని, ఆమె పాదాల పక్కన నా పాదం పెట్టాను. మెట్టు జారుతోంది. నేను తాళం అందుకున్నాక ఆమె తన పాదాలు తీసింది. తనంతట తానే మంచం దగ్గరికి నడిచి, డాక్టరమ్మ నేర్పినట్టు ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుంది. నేను తొక్కుతూనే ఒక చేత్తో ఫోను చేశాను. డాక్టరమ్మ విని, నెలలు లెక్కపెట్టుకుని, ఇంకా ఆరో నెలే కదా అంది. తర్వాత "వెంటనే తీసుకురండి" అంది. ఆ గొంతులోనే నాకంతా అర్థమైంది.

వాకిట్లో పంతులమ్మ కారు హారను మోగించింది. తర్వాత ఆమే లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. మంచం మీద కోడలు, మిషను మీద నేను, పిచ్చిదానిలా ఉత్త గుడ్డ కుడుతూ.

"పిన్నీ, ఏం చేస్తున్నారు? రండి, చెరో పక్కా పట్టుకుందాం."

"ఒక్క నిమిషం ఆగండి, అది ఎగరనీయండి" అంది కోడలు. అంతలోనే కళ్ళు గట్టిగా మూసుకుంది. పళ్ళ మధ్య నుంచి చిన్న మూలుగు వచ్చింది. మొదటి రెండుసార్లూ నొప్పి రాలేదు.

నేను కాలు తీసేశాను. చక్రం తనంతట తాను నాలుగు చుట్లు తిరిగి ఆగింది. గది ఒక్కసారిగా బోసిపోయింది. నా వెనక ఊచల మీద ఏదో బరువుగా వాలింది. సన్నజాజి ఆకులు గలగలలాడాయి. పెద్దపిట్టలు రెండూ ఒకేసారి గొంతెత్తాయి.

నేను మంచానికీ కిటికీకీ మధ్య నిలబడ్డాను. ఇన్నేళ్ళు కూర్చుని కుట్టిన ఒళ్ళు నాది, కిటికీ మొత్తం మూసుకుపోతుంది.

"అత్తయ్యా, మూడోది?" అంది కోడలు కళ్ళు తెరవకుండానే.

పంతులమ్మ నా భుజం మీంచి కిటికీ వైపు చూసి, చప్పున తల తిప్పుకుంది. నేను వెనక్కి చూడలేదు.

"ఎగిరిపోయిందమ్మా" అన్నాను.

"మీరు చూశారా?"

"చూశాను. నిమ్మచెట్టు మీద వాలింది."

ఆ పిల్ల మొహం విప్పారింది. ఎత్తుకోమని చిన్నపిల్లలు చాచినట్టు రెండు చేతులూ చాచి నా మెడ చుట్టూ వేసింది. "అయితే గడిచినట్టే కదా" అంది నా చెవిలో.

"గడిచినట్టే తల్లీ" అన్నాను. పంతులమ్మ కాళ్ళ వైపు పట్టుకుంది. నేను వీపు కింద చేయి వేసి లేపాను. నా చేతి కింద ఆమె నడుము రాయిలా బిగుసుకుంది, వదిలింది, గుమ్మం దాటేలోపే మళ్ళీ బిగుసుకుంది.